మూడో హెచ్చరిక

మణుగూరు కాలనీలో ఆదివారం మధ్యాహ్నాలు మా నలుగురి చేత సూపర్‌హీరోల ఆట ఆడించేవాడు, మాకు బళ్ళో లెక్కలు చెప్పిన సారు. కథ ఆయన చెబుతాడు, అందులో వీరులం మేము, గెలుపోటములు పాచికలవి. కథ కీలకమైన చోటికి రాగానే పాచికల మీద అరచెయ్యి మూసి, "ముందు ఏం జేస్తరు?" అని అడిగేవాడు. జవాబు నచ్చేదాకా చెయ్యి తీసేవాడు కాదు.

ఒక వానాకాలం ప్రళయం కథ తెచ్చాడు. నీళ్ళలోంచి లేచే కలిపురుషుడి బలాలన్నీ నోటుబుక్కు నిండా రాసుకున్నాడు పాపం.

"భద్రాచలంల మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చిన్రు. గోదావరిల కెల్లి కలి లేస్తుండు. ముందు ఏం జేస్తరు?"

ఎగరగలిగిన నేను బియ్యం బస్తాలు మిద్దె మీదికి చేరుస్తానన్నాను. కొండలనెత్తే ఆమె గొడ్ల పలుపులు విప్పింది. గాలిలా పరిగెత్తేవాడు ముసలివాళ్ళను బడికి మోశాడు. కలిని ఎవరూ పట్టించుకోలేదు.

"ఏందిది? లోకం మునుగుతుంటె బియ్యమా?" అన్నాడు సారు.

"మూడో హెచ్చరికన్నరు గద సార్, ఊరు ఖాళీ జెయ్యాలె," అంది నాలుగో అమ్మాయి.

ఆయన నోటుబుక్కు మూశాడు. తర్వాత పరిగెత్తేవాడి వైపు తిరిగాడు.

"నా చిన్నప్పుడు దుమ్ముగూడెంల వరదొస్తె మా నాయినమ్మ ఇంట్లనే ఉండిపాయె. ఆమెను గూడ మోసినవా?"

"అవ్ సార్. అందరికంటె ముందు."

ఆయన అరచెయ్యి తీశాడు. పాచికలు మాత్రం వేయనివ్వలేదు.