పాత గొంతు, కొత్త కెప్టెన్

నేను రిటైరవడానికి ముందు ఏడాది వేసవిలో, పంజాగుట్టలోని మా డబ్బింగ్ స్టూడియోకు ఒక విదేశీ అంతరిక్ష సీరియల్ కొత్త సిరీస్ వచ్చింది. తెలుగు వెర్షన్‌కు నన్ను సూపర్‌వైజర్‌గా వేశారు. ఏ పాత్రకు ఏ గొంతు పెట్టాలి, తెలుగు మాట పెదాల కదలికకు అమరిందా లేదా అన్నది చూసుకోవడం సూపర్‌వైజర్ పని. పేరు తెర మీద పడినా పడకపోయినా తిట్లు మాత్రం నేరుగా మనకే అందుతాయి.

ఆ సీరియల్ పాత భాగాలన్నిటికీ నేనే పనిచేశాను. వాటిలో అంతరిక్ష ఓడ కెప్టెన్‌కు మొదటినుంచీ ప్రభుదాసు గారిదే గొంతు. ఒక ముఖానికి ఒక గొంతు కుదిరాక దాన్ని కదపకపోవడం మా దగ్గర ఆనవాయితీ. కొత్త సిరీస్‌లో అదే కెప్టెన్ యవ్వనం నాటి కథ, నటుడు వేరు. ముఖం మారింది కాబట్టి గొంతూ మార్చాం. వాయిస్ టెస్టులో బోరబండ నుంచి వచ్చే నరేశ్ నెగ్గాడు. ఏళ్ల తరబడి గుంపులో కేకలు, ఫోన్లో అవతలి గొంతులు చెప్పుకుంటూ వచ్చిన మనిషి. అతనికి అదే మొదటి పెద్ద పాత్ర.

మొదటి మూడు ఎపిసోడ్లు విడుదల కాగానే తెలుగు అభిమానులు మండిపడ్డారు. గొంతులో జీవం లేదు, డబ్బింగే సీరియల్‌ను నాశనం చేసింది, ప్రభుదాసు గారిని వెనక్కి తీసుకురండి అని ఒకటే గోల. నాలుగో ఎపిసోడ్ నుంచి గొంతు మార్చమని ముంబైలోని క్లయింట్ మేనేజర్ ఫోన్ చేశాడు. నరేశ్ నన్ను అడిగింది ఒక్కటే.

"నేనేడ తప్పు చేసిన మేడం?"

నాకు ఒళ్లు మండింది. మధ్యలో తీసేసిన గొంతుకు ఆ తర్వాత ఎవరూ పెద్ద పాత్ర ఇవ్వరు. ఆ సంగతి అతనికీ తెలుసు.

మేనేజర్‌ను బతిమాలి ఒక పరీక్షకు ఒప్పించాను. అప్పటికే విడుదలైన మొదటి ఎపిసోడ్‌లోంచి ఒక సీను తీసుకుని, అవే డైలాగులు ప్రభుదాసు గారితో చెప్పించి, ఫిర్యాదు చేసినవాళ్లకే వినిపించాలి. తమ వెంట వస్తూ దాడిలో పాడైన రెండో ఓడను, లోపల మనుషులు ఉండగానే, వదిలేసి సాగమని కెప్టెన్ ఆజ్ఞాపించే సీను ఎంచుకున్నాను.

"ఏంటండీ విజయ గారూ, ఈ మాట నేను చెప్పాలా?" అన్నారు ప్రభుదాసు గారు మైకు ముందు నిలబడి. చెప్పారు. వయసు మీద పడినా ఆ గొంతుకు వంక పెట్టడానికేమీ లేదు.

అభిమానుల తరఫున మహేందర్ వచ్చాడు. అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటర్లో ప్రోగ్రామింగ్ చెప్తాడు. యూసుఫ్‌గూడ అద్దె గదిలో చదువుకునే రోజుల్లో ఈ సీరియలే తన లోకమట. ఆన్‌లైన్‌లో అందరికంటే గట్టిగా తిట్టిందీ అతనే. ప్రభుదాసు గారు కనబడగానే వంగి దండం పెట్టాడు. సీను వేశాం. మొదటి మాటకే ముఖం వెలిగిపోయింది. సీను అయ్యేసరికి ఆ వెలుగు లేదు. మళ్లీ వేయమన్నాడు, వేశాం.

"గొంతు మా కెప్టెన్‌దే మేడం. గీ మనిషే మావోడు గాదు. మా కెప్టెన్ ఒక్కన్ని సుత ఇడిసిపెట్టి పోలే. గీయన మొదటి ఎపిసోడ్‌లనే పోయిండు."

ప్రభుదాసు గారు హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టారు. ఈ పాత్ర తనకొద్దని, ముంబైకి తానే చెప్తానని అన్నారు. అన్నట్టే చెప్పారు. ముంబైవాళ్లు నరేశ్‌నే కొనసాగించారు. మహేందర్ గొంతును తిట్టడం మానేసి కథను తిట్టడం మొదలుపెట్టాడు. తిడుతూనే చివరి ఎపిసోడ్ దాకా చూశాడు పాపం.

నాలుగో ఎపిసోడ్‌లో కెప్టెన్ మళ్లీ అలాంటి ఆజ్ఞే ఇస్తాడు. జర మెత్తగా చెప్తే జనం ఒప్పుకుంటారేమోనని నరేశ్ అడిగాడు. వద్దన్నాను. తెర మీద మనిషి కఠినంగా ఉన్నప్పుడు మనం వెన్న రాయకూడదు. అతను ఉన్నదున్నట్టు చెప్పాడు, మళ్లీ తిట్లు తిన్నాడు. ఈసారి మాత్రం తప్పు ఎక్కడని నన్ను అడగలేదు.

ప్రేక్షకుడు బాధపడ్డానంటే నమ్మాలి. ఫలానా మనిషి వల్లే బాధపడ్డానని వేలు చూపిస్తే, ఆ మనిషిని తీసేసే ముందు ఆ చోట ఇంకొకరిని నిలబెట్టి వినిపించాలి.