పైన మూడు వాక్యాలు, అడుగున సంతకం

2018 ఆగస్టు. ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు పోయే దారిలో ఉన్న ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీలో నేను ఆఫీసు సూపరింటెండెంటుని. అడ్మిషన్లు, హాజరు పట్టికలు, యూనివర్సిటీతో ఉత్తర ప్రత్యుత్తరాలు అన్నీ నా బల్ల మీదుగానే పోయేవి. కాలేజీ పేరు రాయను. అమ్మాయి పేరు, ఆమె తండ్రి పేరు మార్చాను. మిగతాది జరిగింది జరిగినట్టే రాస్తున్నాను. ఎందుకంటే ఆ కాలేజీ అడ్మిషన్ రిజిస్టరులో ఒక అబద్ధం నా చేతిరాతతో ఇప్పటికీ ఉంది.

ఆ రోజు పొద్దున ప్రమీల తన తండ్రి దానంతో కలిసి ఆఫీసుకు వచ్చింది. వాళ్ళది జమ్మలమడుగు దగ్గర పల్లె. దానం బేల్దారి మేస్త్రి, ఇళ్ళ గోడలు కడతాడు. ప్రమీల బీఎస్సీ నర్సింగ్ రెండో సంవత్సరంలో ఉండగా, ఆ జనవరిలో ఆమెకు క్షయ అని తేలింది. వార్డు డ్యూటీలో అంటుకుందో, బస్సులో అంటుకుందో ఎవరూ చెప్పలేరు. ఆరు నెలలు క్రమం తప్పకుండా మందులు మింగి, పూర్తిగా నయమైందని డాక్టరు ఇచ్చిన ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తీసుకుని, మళ్ళీ చదువులో చేరడానికి వచ్చింది.

తెలియని వాళ్ళ కోసం ఇక్కడ నిబంధన చెప్పాలి. నర్సింగ్ డిగ్రీలో పై సంవత్సరానికి పోవాలంటే మార్కులొక్కటే చాలవు. నూటికి ఎనభై హాజరు ఉంటేనే పరీక్షకు కూర్చోనిస్తారు. డిగ్రీ చేతికి రావాలంటే క్లినికల్ గంటలు, అంటే వార్డుల్లో రోగుల దగ్గర చేసే డ్యూటీ, నూటికి నూరు పూర్తి కావాలి. ఇది కఠినమైన నియమం, న్యాయమైన నియమం కూడా. సూది వేయడం పుస్తకం చూసి వచ్చే విద్య కాదు. అయితే జబ్బు చేసి ఆగిపోయిన వాళ్ళకు అదే నిబంధనల్లో ఒక దారి ఉంది. దాన్ని బ్రేక్ ఆఫ్ స్టడీ అంటారు, చదువులో విరామం. గడువు లోపల తిరిగొస్తే ప్రిన్సిపాల్ సిఫారసు మీద యూనివర్సిటీ రీఅడ్మిషన్ ఇస్తుంది. ఆగిన సంవత్సరంలోనే జూనియర్ల పక్కన కూర్చుని చదువుకోవచ్చు. డిస్‌కంటిన్యూ అన్నది వేరు. నా ఇష్టంతో మానేస్తున్నానని రాసిచ్చిన వాళ్ళకు ఆ మాట వాడతారు. వాళ్ళకు రీఅడ్మిషన్ లేదు. మళ్ళీ సీటు తెచ్చుకుని మొదటి సంవత్సరం నుంచి మొదలుపెట్టాలి. ఒక ఏడాది పోవడానికీ, చదివిందంతా పోవడానికీ మధ్య అడ్డం ఉండేది ఫైల్లోని ఒకే ఒక్క కాగితం.

"సార్, రీఅడ్మిషన్‌కు అప్లికేషన్ తెచ్చినాను" అంది ప్రమీల.

"నువ్వు డిస్‌కంటిన్యూ అయినావు కదమ్మా" అన్నాను.

"నేనా?"

"నువ్వే రాసిచ్చినావు."

ఫైలు తెరిచి కాగితం చూపించాను. ఆమె చదివింది. ఇంకోసారి చదివింది. దానం దాన్ని చేతిలోకి తీసుకుని, తూకం గుండు వేలాడదీసి గోడ చూసినట్టు, కళ్ళకు దూరంగా పట్టుకుని చూశాడు. కాగితం ఇంగ్లీషులో ఉంది.

"ఏం రాసినారు పాపా దీంట్లో?"

"నా ఇష్టంతో చదువు మానుకుంటాండానని, నాయనా."

"సంతకం నీదేనా?"

"నాదే. చేరిన రోజు చేయించుకున్నారు. అప్పుడు తెల్లకాగితమే."

దానం నా వైపు చూశాడు. "ఏంది సారూ ఇది. పైన మూడు వరసలు కట్టి, అడుగున సంతకం పునాది ఏసి వదిలేసినారే. నడుమ అంతా ఖాళీ. ఏ మేస్త్రి కట్టినాడిది?"

"కంప్యూటర్లో అట్లనే వస్తాది" అన్నాను.

"ఆ కంప్యూటరు మేస్త్రి యాడుండాడో పిలవప్పా. నడుమ ఇటుక లేకుండానే గోడ నిలబెట్టినాడు, నా కాడ పనికి పెట్టుకుంటా."

పక్క బల్ల మీది ఇద్దరు గుమాస్తాలు నవ్వు ఆపుకోలేకపోయారు. ప్రమీల నవ్వలేదు. "సార్, దీనిమీద మార్చి నెల తారీఖు వేసినారు. ఆ పొద్దు నేను మంచం మీద ఉండాను. మా నాయన జనవరిలోనే లీవు లెటరు, డాక్టరు సర్టిఫికెట్ మీ చేతికి ఇచ్చినాడు. మీరు ముద్ర కూడా ఏసినారు."

"అట్లాంటిదేమీ ఫైల్లో లేదమ్మా."

ఫైల్లో లేదన్నది నిజం. అది నా బల్ల కింది సొరుగులో ఉంది.

ఆ కాగితం కథ ఇది. మా కాలేజీలో ఒక అలవాటు ఉండేది. చేరిన రోజు ప్రతి విద్యార్థి చేత పది పన్నెండు ఫారాల మీద సంతకాలు తీసుకునేవాళ్ళం. ఆ కట్టలో ఒక తెల్లకాగితం కూడా ఉండేది. అడుగున కుడివైపు పెన్సిలుతో చిన్న గీత పెట్టి, "ఇక్కడ" అని చూపించేవాడిని. ఎందుకని ఎవరన్నా అడిగితే, ఏదన్నా ఫారం తక్కువైతే మిమ్మల్ని మళ్ళీ ఊరి నుంచి పిలిపించకుండా అని చెప్పేవాడిని. ఈ అలవాటు నాకంటే ముందు నుంచే ఉంది. దాన్ని ఆపకుండా పదకొండేళ్ళు నడిపింది నేను. మా నాయనది ప్రొద్దుటూరులో బట్టల అంగడి. ఖాళీ కాగితం మీద సంతకం అడిగిన వాణ్ణి, ఎంత పెద్ద బేరగాడైనా సరే, మెట్లు దిగి పొమ్మనేవాడు ఆయన. ఆ అంగడిలో పెరిగిన నేను ఈ పని చేశాను.

మార్చిలో కాలేజీ యజమాని నన్ను తన గదిలోకి పిలిచాడు. ఆయన్ని మేము కరస్పాండెంట్ అంటాం.

"ఆ దగ్గు పాప సంగతేంది సుబ్బరాయుడూ?"

"లీవులో ఉంది సార్. బ్రేక్ ఆఫ్ స్టడీ కింద యూనివర్సిటీకి రాద్దామనుకుంటాండా."

"రాస్తే కారణం టీబీ అని రాయల్ల కదా. ఇన్‌స్పెక్షన్ వస్తాండాది. మన కాలేజీలో టీబీ అని తెలిస్తే వచ్చే ఏడు ఎవరు చేరతారు? మానేసిందని పెట్టేయ్. సంతకం ఉండాది కదా నీ కాడ."

"నయమై తిరిగొస్తే?"

"బేల్దారోళ్ళు, మళ్ళీ యాడొస్తారబ్బా? వస్తే అప్పుడు చూస్తాంలే."

నేను నా బల్ల దగ్గరికొచ్చి బీరువా తీసి, ప్రమీల సంతకమున్న తెల్లకాగితం ప్రింటరులో పెట్టాను. మూడు వాక్యాలు. రెండు నిమిషాల పని. అడ్మిషన్ రిజిస్టరులో వదిలిపోవుటకు కారణం అనే గడిలో 'స్వంత ఇష్టం' అని నా చేత్తో రాశాను. ప్రిన్సిపాల్ మేడమ్ దాని పక్కన చదవకుండా సంతకం చేసింది. క్షయ రోగిని వెలివేయకూడదని, ధైర్యం చెప్పి మందులు పూర్తి చేయించాలని ప్రమీల క్లాసుకు పాఠం చెప్పింది ఆమే. ఊళ్ళో ఎవరైనా చదువులేని వాడు దగ్గే మనిషిని చూసి దూరం జరిగితే అజ్ఞానం అంటాం. నర్సుల్ని తయారు చేసే చోట, అన్నీ తెలిసిన వాళ్ళం, జబ్బు పడిన నర్సును రిజిస్టరు నుంచే తుడిచేశాం. దీనికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. అజ్ఞానం మాత్రం కాదు.

ఆగస్టులో ఆఫీసు గడప దిగుతూ దానం ఒక మాట అన్నాడు. "దగ్గొచ్చిందని సొంత పిల్లను తరిమినోళ్ళు, ఊళ్ళో దగ్గేటోళ్ళను చూసుకోమని ఏం నేర్పిస్తారప్పా." ఆ మాటకు నేను కంప్యూటరు వైపు తిరిగాను.

వాళ్ళు ఊరుకోలేదు. యూనివర్సిటీకి అర్జీ పెట్టారు. యూనివర్సిటీ కాలేజీని వివరణ అడిగింది. జవాబు రాసింది నేనే. విద్యార్థిని స్వయంగా రాసిచ్చిన లేఖ జతపరిచామని రాసి, దాని కింద 'పరిశీలించితిని' అని సంతకం పెట్టాను. అర్జీ కొట్టేశారు. ఆ ఉత్తరం వచ్చిన రోజు కరస్పాండెంట్ ఆఫీసుకంతా జిలేబీ తెప్పించాడు. నేను కూడా తిన్నాను.

మరుసటి ఏడు అడ్మిషన్ల సమయంలో సింహాద్రిపురం వైపు నుంచి ఒక తల్లి కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. చేనులో పని చేసుకునే మనిషి, వేలిముద్ర తప్ప సంతకం రాదు. కూతురు వరసగా సంతకాలు చేస్తోంది. తెల్లకాగితం దగ్గర తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"దీనిమీద ఏం రాస్తారప్పా?"

"ఏమీ రాయం తల్లీ."

"ఏమీ రాయనప్పుడు సంతకం ఎందుకు?"

"ఎప్పుడన్నా అవసరమైతే రాస్తాం."

"ఎవరి అవసరం?"

నేను తలెత్తి బయటికి చూశాను. వెనక ఇంకా వరస ఉంది. ఎండ. ఎవరో తొందర పెడుతున్నారు. ఆమె చెయ్యి తీయలేదు. "చదువు రానిదాన్ని, అడిగితే తప్పనుకోవద్దు" అంది. ఆ కాగితాన్ని కట్టలోంచి తీసి చింపి బుట్టలో వేశాను. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, అంత తేలికని. ప్రమీలది కూడా అంతే తేలికగా చింపగలిగేవాణ్ణి.

ఆ వారమే యూనివర్సిటీకి నా పేరుతో ఉత్తరం రాశాను. ప్రమీల లీవు లెటరు సొరుగులోంచి తీసి జత చేశాను. దానిమీద నా ముద్ర, జనవరి తారీఖు, ఇన్‌వర్డ్ నంబరు ఉన్నాయి. ఇన్‌వర్డ్ రిజిస్టరు అంటే ఆఫీసుకు వచ్చే ప్రతి కాగితాన్నీ వరసగా ఎక్కించే పుస్తకం. అందులో ఒక నంబరు ఎగరగొట్టడం కుదరదు. ఆ పేజీ నకలు కూడా పెట్టాను. డిస్‌కంటిన్యూ లేఖ నేను టైపు చేసిందేనని, నా 'పరిశీలించితిని' అబద్ధమని రాశాను. అదే రోజు రాజీనామా ఇచ్చాను.

కరస్పాండెంట్ అరవలేదు. "ఇన్నేళ్ళు నా ఉప్పు తిని ఇట్ల చేస్తావా సుబ్బరాయుడూ" అన్నాడు.

"ఉప్పు తిన్నందుకే సార్, మీరు చెప్పినవన్నీ రాసినా."

గడువు ఇంకా దాటలేదు కాబట్టి యూనివర్సిటీ రీఅడ్మిషన్ ఇచ్చింది. రెండో సంవత్సరంలోనే. అయితే జబ్బు తీసుకున్నది ఒక ఏడాదైతే, మేము తీసుకున్నది ఇంకొకటి. తన కంటే రెండు బ్యాచీలు చిన్నవాళ్ళ పక్కన ఆమె కూర్చోవాల్సి వచ్చింది.

ఉత్తర్వు వచ్చిన సంగతి విని జమ్మలమడుగు పోయాను. దానం ఒక ఇంటికి పూత పూస్తున్నాడు. నన్ను చూసి కూడా తాపీ ఆపలేదు. సిమెంటు ఆరిపోతుందని కాదు. ప్రమీల అన్నం క్యారియరు తెచ్చి అక్కడే నిలబడి ఉంది. తప్పు నాదేనని చెప్పాను. క్షమించమని అడగలేదు.

"మిగతావాళ్ళ కాగితాలు యాడుండాయి సార్?" అంది ఆమె.

"బీరువాలో."

"తాళం?"

"ఇచ్చేసి వచ్చినాను."

"అంటే మా జూనియర్లవన్నీ ఆడనే ఉండాయి." క్యారియరు గోడ మీద పెట్టింది. "నాకొక్కదానికి తప్పని చెప్పి పోతే శానా సులువు సార్."

దానం అప్పుడు మాత్రం తాపీ ఆపి కూతురి వైపు చూశాడు. నా వైపు చూడలేదు.

ప్రమీల డిగ్రీ పూర్తి చేసింది. ఇప్పుడు ఉద్యోగంలో ఉంది. నేను మా అన్న బట్టల అంగడిలో కూర్చుంటున్నాను. పిల్లల్ని చేర్పించడానికి పోయే తల్లిదండ్రులు కనబడితే ఒకటే చెబుతున్నాను, దాన్నే ఇక్కడా రాస్తున్నాను. హాజరు నిబంధనలు, పాస్ మార్కులు, ఎన్నేళ్ళలో ముగించాలన్న లెక్క, అన్నీ అడిగి తెలుసుకోండి. వాటికి భయపడొద్దు, అవి అచ్చులో ఉంటాయి, అచ్చులో ఉన్నదాని మీద అర్జీ పెట్టుకోవచ్చు. భయపడాల్సింది ఖాళీ కాగితానికి. పిల్లలు సంతకం చేసే ప్రతి కాగితం మీదా చెయ్యి అడ్డం పెట్టండి. అడిగితే తప్పనుకునేవాడు బల్లకు అవతల ఉంటే, తప్పు వాడి దగ్గరే ఉందని తెలుసుకోండి. ఆ వైపు కుర్చీలో పదకొండేళ్ళు కూర్చున్నవాణ్ణి, చెబుతున్నాను.

ఇక ఆ రిజిస్టరు. యూనివర్సిటీ ఉత్తర్వు ఫైల్లో చేరింది గానీ, పాత గడిని ఎవరూ దిద్దలేదని పాత సహోద్యోగి ఒకరు చెప్పారు. వదిలిపోవుటకు కారణం: స్వంత ఇష్టం. ఆ రెండు మాటలు నావి, అందుకని ఇక్కడ నేనే కొట్టేస్తున్నాను. ఆమె మానలేదు. మేమే తీసేశాం.