బావిని విడవని గూడెం

మా మేనత్త పోయింది. ముద్ఖేడ్ సంతలో నిలబడి నేను వాక్యం చెబుతుండగా సర్ఖని వైపు నుంచి వచ్చిన ఒక గోండు మనిషి జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు.

"అయ్యగారూ, ప్రసంగం ఆపుండ్రి. అవ్వ పోయింది. గూడెపోళ్లు ఇండ్లు విప్పుతున్నరు."

మొదటి మాటకు కళ్లు చెమర్చాయి. రెండో మాటకు పరిశుద్ధ గ్రంథం మూసేసి బండికి పరుగెత్తాను. ఎందుకో చెబుతాను, చదువరులారా.

అత్తది కర్ఖేలి దగ్గరి సేద్యపు కుటుంబం. మామ కిన్వట్ అడవిలో కట్టె డిపోలో పనిచేస్తూ కన్నుమూశాడు. తిరిగి రమ్మని మేమంతా బతిమాలాం. రాలేదు. సర్ఖని అవతలి గోండు గూడెంలో గుడిసె వేసుకుని కూరగాయలు పెట్టింది. అప్పట్లో గూడెం ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమె తోడి, ఊరిన నీళ్లను చిప్పతో కడవకెత్తుకునేవారు. ఎండాకాలం గింజలు అయిపోతే సాహుకారు గడప తొక్కేవారు. వాడు నాలుగు జొన్నలు పోసి రాబోయే పంట మీద కన్నేసేవాడు. బీదవాడి నోటికాడి ముద్ద లాగినవాడా, నీ గాదె నిండుతుందేమో గాని నీ ఆకలి తీరదు! గ్రంథం ఏ పుట తిప్పినా ఈ మొరే వినిపిస్తుంది.

అత్తకు గ్రంథం చదవరాదు. తన పోచమ్మను విడవనూ లేదు. బావి తవ్వడానికి గడ్డపార మాత్రం ముందు ఆమే పట్టింది. ఆమె వెనక గూడెమంతా మట్టి మోసింది. బావిలో నీళ్లు పడ్డ రోజున ఆమె అన్న మాట ఇప్పటికీ అక్కడ చెప్పుకుంటారు: "నీళ్లున్న కాడ ఆకలికి ఏం పని? సిగ్గుపడి పోతది."

ఆమె ఇంట్లో ఎంతటివాడైనా సొర పాదు దగ్గరే చేతులు కడగాలి. వేరేచోట కడిగితే తిట్లే. బూడిద కలిపిన విత్తనాలు ఎండు సొరబుర్రల్లో దూలానికి వేలాడేవి. "విత్తులు ఉడకేసుకున్నోడు వచ్చే ఏటి అన్నం ఇయ్యాల్నే తిన్నట్టు" అని ఇంటింటికీ తిరిగి చెప్పేది. నన్నూ వదిలేది కాదు. ప్రభువు బావి దగ్గర ఒక పరాయి స్త్రీని నీళ్లడిగిన కథ నేను ఒకసారి గొంతెత్తి చెబితే, అంతా విని, "అల్లుడా, మరి అడిగినాయన పేరే చెప్తున్నవు. చేంతాడు గుంజినామె పేరేంది?" అంది. ఆ పేరు గ్రంథంలో లేదు. గూడెం పగలబడి నవ్వింది.

తర్వాత ముసలి పట్లా పోయాడు. పట్లా అంటే గూడేనికి పెద్ద. పట్లా పోతే ఆ జాగాలో ఇక పొయ్యి వెలిగించరు, ఊరే లేచిపోతుంది. అది వాళ్ల తాతల నాటి కట్టడి. కాని సర్కారు వాళ్లకు పట్టాలిచ్చింది ఆ నేలకే. లేచిపోతే నేల సాహుకారుకు దక్కుతుంది, కొత్తచోట చెట్టు కొడితే అడవిని కాసే జంగ్లాత్ జవాన్లు తరుముతారు.

నేను గ్రంథం తీశాను. తండ్రి తవ్విన బావుల్ని పగవాళ్లు పూడిస్తే కొడుకు మళ్లీ తవ్వించిన కథ చెప్పాను. ఉరిమాను, ఏడ్చాను. పట్లా కొడుకు వినయంగా విన్నాడు.

"కత మంచిగున్నది అయ్యగారూ. గని మా నాయిన జీవం గీ జాగ మీద తిరుగుతది. పోవాల్సిందే."

చిక్కుడుకాయలు ఒలుస్తున్న అత్త తల ఎత్తలేదు.

"పోవాలె మరి. పెద్దల మాట దాటద్దు. ఎంత దూరం పోవాల్నో చెప్పిండ్రా మీ పెద్దలు?"

అతను తల గోక్కున్నాడు. "దూరం సంగతి చెప్పలేదవ్వా."

"ఇంకేంది? బావికి గీ దిక్కున్నరు, గా దిక్కుకు పోండ్రి. ముందుగాల మీ దేవుళ్లను తీస్కపోండ్రి." తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు గొంతు పోగొట్టుకోకు. ఇంత రొట్టె తిను" అంది.

అలా ఊరు కదిలింది, బావి మిగిలింది. పాత ఇళ్ల జాగాలో ఏళ్లుగా పడ్డ పేడ, బూడిద ఊరికే పోలేదు. వంకాయ, చిక్కుడు విరగకాశాయి. ఆ ఎండాకాలం సాహుకారు గడప ఎవరూ తొక్కలేదు.

ఇప్పుడు ఆ మాట చెప్పే మనిషే లేదు. కిన్వట్ బండిలో కూర్చుని దారంతా ప్రార్థించాను. నేను చేరేసరికి అత్తను మట్టి చేసేశారు. గూడెంలో గుంజలు పీకుతున్నారు.

"పట్లా పోతేనే గదా జాగ మార్చేది? నువ్వున్నవు గదయ్యా!" అని, తండ్రి తర్వాత పట్లా అయిన ఆ కొడుకును చూసి కేక వేశాను.

"నేను పేరుకు పట్లాను. పోయినామెనే పట్లా" అన్నాడు అతను.

అతను పీకుతున్న గుంజను పట్టుకుని ఆపాను. అడిగాను: "ఎక్కడికి పోతున్నరు?"

అతను నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశాడు.

"ఎక్కడికంటరేంది? బావికి ఇంక రెండు దిక్కులున్నయి గదా."

ఇంటి తలుపు తడకను నెత్తిన పెట్టుకుని బయలుదేరాడు. బావి దగ్గర దాన్ని దించాడు. ఒక బొక్కెన తోడి, దోసిలి పట్టి తాగి, మిగిలిన నీళ్లను పక్కనున్న మిరప మొక్కకు పోశాడు. తడకను మళ్లీ ఎత్తుకుని తూర్పు వైపు నడిచాడు. వెనకాల ఇళ్లన్నీ ఒక్కొక్కటిగా మనుషుల తలల మీద కదిలి వస్తున్నాయి.