ఉబ్బిన హ్యాండ్‌బ్యాగు

ఖాళీ ప్లాస్టిక్ సీసాలకు బొమ్మల పేపర్ నాప్‌కిన్లు అంటించి పూలకూజాలు చేయడం అప్పుడే మొదలుపెట్టాను. పొరలు విడదీయకుండా అంటించడంతో అన్నీ ముడతలు పడ్డాయి. బొమ్మ ఉన్న పై పొర ఒక్కటే అంటించాలని తెలిసేసరికి నాప్‌కిన్లు అయిపోయాయి.

ఆ వారమే జూబ్లీ హిల్స్‌లో, మావారు పనిచేసే సినీ నిర్మాత ఇంట్లో విందు. బల్లల నిండా నెమలి బొమ్మల నాప్‌కిన్లు! ఎవరూ చూడకుండా గుప్పెడు తీసి హ్యాండ్‌బ్యాగులో కుక్కేశాను.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆమె ఉబ్బిన నా బ్యాగునే చూస్తోంది.

"జర బ్యాగు తెరువుండ్రి మేడం. అమ్మగారి వజ్రాల దుద్దు కనబడ్తలేదు."

బ్యాగు తెరిచి ఆమె ముందు పెట్టాను. అందరి ముందూ ఒక్కో నాప్‌కినూ దులిపి చూసింది.

"గివెందుకమ్మా?"

"సీసాలకు అంటించడానికి" అన్నాను. ఆమె అనుమానం రెట్టింపయింది. మావారు నన్నెరగనట్టు పక్కకు జరిగారు.

దుద్దు సోఫా సందులో దొరికిందని లోపలి నుంచి కబురొచ్చాక గానీ మమ్మల్ని వదల్లేదు.

మర్నాడు నిర్మాతగారి డ్రైవర్ నెమలి నాప్‌కిన్ల ప్యాకెట్టు తెచ్చి, "అమ్మగారు ఇవ్వమన్నారండీ" అన్నాడు. అది ప్రేమో, వెటకారమో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను. ఈసారి సీసా మీద ఒక్క ముడత కూడా రాలేదు. కానీ ఇప్పుడు ఏ విందులోనైనా మూతి తుడుచుకోవడానికి నాప్‌కిన్ తీయాలన్నా, ముందు చుట్టూ చూస్తున్నాను.

– ఒక పాఠకురాలు, వెంగళరావు నగర్