బిడ్డకో రంగు నూలు

కోయంబత్తూరులో మా చెల్లెలు కాన్పైన వార్డుకంతా ఈ రోజు ఒక్క నర్సమ్మే ఉంది. ఆమె ముగ్గురు పసిబిడ్డలను ఒకేసారి స్నానానికి తీసుకెళ్లబోతుంటే, మిల్లులో నూలు వడికే మా అత్త అడ్డుపడింది. రొంటిలోంచి రంగు రంగుల నూలు తీసి, ఒక్కో తల్లికీ ఆమె బిడ్డకీ ఒకే రంగు వచ్చేలా మణికట్లకు కట్టింది.

"ఇది దిష్టికా అక్కా?" అని నర్సమ్మ విసుక్కుంది.

"దిష్టికి కాదు అమ్మణీ. మిల్లులో ఒక నంబరు సన్న నూల్లో ఇంకో నంబరు లావు నూలు కలిస్తేనే మేస్త్రి మమ్మల్ని విడిచిపెట్టడు. ఇవి బిడ్డలు గదా."

సాయంత్రం మరో రెండు కాన్పులయ్యాయి. నర్సమ్మే మెల్లగా వచ్చి, ఇంకో రెండు రంగులున్నాయా అని అడిగింది.

రంగులు మా అత్త రొంటిలో దొరుకుతాయి. రెండో నర్సమ్మ ఎక్కడ దొరుకుతుందో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.