నాయనమ్మ ముందు విక్టోరియా రాణి కాలం

మేం డిగ్రీ చదివే రోజుల్లో భయపడటానికి కారణం వెతుక్కోనక్కర్లేదు, పొద్దున లేస్తే చాలు. ఎదురింటి అబ్బాయి గేటు దగ్గర సెల్‌ఫోన్ పట్టుకుని నిలబడినా భయమే (అతను వాళ్ళ మేనమామతో మాట్లాడుతున్నా సరే), షేర్ ఆటోలో నా పక్క సీటు ఖాళీ అయినా భయమే. మా ఊళ్ళో ఒకమ్మాయి కాలేజీకని బయల్దేరి పెళ్ళి చేసుకుని వచ్చింది. చేసుకున్నది ఆ పిల్ల, శిక్ష పడింది నాకు. పెదకాకాని నుంచి గుంటూరు ఎంత దూరమనీ? ఆ కాస్త దూరానికీ నాన్న నాకు తోడుగా నాయనమ్మను పంపడం మొదలుపెట్టాడు. "నీ మీద ఒక్క మాట వచ్చిందా, మర్నాడే చదువు మాన్పించేస్తా" అని ముందే చెప్పేశాడు. ఆ మాట మోసుకొచ్చే ఉద్యోగం నాయనమ్మది. సాయంత్రం నాన్న పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటుంటే ఆ రోజు సంగతులన్నీ పూస గుచ్చినట్టు చెప్పేది. నేను తలుపు వెనక నిలబడి, ఇవాళ్టితో నా చదువు సరి అని రోజూ అనుకునేదాన్ని.

నాయనమ్మ ఊరికే కూర్చునే మనిషి కాదు. ఎండు మిరపకాయల సంచి వెంట తెచ్చుకుని, మా క్లాసు కిటికీ కింద వరండాలో చతికిలబడి సాయంత్రం దాకా తొడిమలు తీసేది. గాలి మా వైపు తిరిగిందంటే క్లాసు క్లాసంతా తుమ్ములే. ఆ ఏడాది షేక్‌స్పియర్ విషాదాలన్నింటికీ మేం నిజంగానే కన్నీళ్ళు పెట్టుకున్నాం.

రెండో సంవత్సరంలో ఇంగ్లీషు మేడమ్ నాకు సెమినార్ ఇచ్చారు. విషయం, విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండు ఆడపిల్లలు. పెళ్ళీడు పిల్ల గట్టిగా నవ్వకూడదు, కథల పుస్తకాలు చదివితే బుర్ర చెడిపోతుంది, చదువు ఎక్కువైతే మొగుడు దొరకడు, గడప దాటితే షాపెరోన్ అనే పెద్దావిడ వెంట ఉండాల్సిందే. చదువుతుంటే ఇంగ్లండు మా పెరటి గోడ అవతలే ఉన్నట్టనిపించింది. కడుపుమంట కొద్దీ చివర్లో ఒక వాక్యం రాసేశాను: "షాపెరోన్ అంటే, పిల్లను నమ్మని పెద్దలు దాని కాలికి వేసిన సంకెల." రాసింది ఇంగ్లీషులోనే కదా, నాయనమ్మకు ఏం తెలుస్తుందిలే అన్న ధైర్యం.

సెమినార్ రోజున నాలుగు వాక్యాలు చదివానో లేదో, గాలి తిరిగింది. ముందు బెంచీ నుంచి వెనక బెంచీ దాకా అందరూ తుమ్మడం మొదలుపెట్టారు. మేడమ్ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళి, "మామ్మగారూ, మీరు లోపలికొచ్చి కూర్చోండి. సంచి మాత్రం అక్కడే ఉంచేయండి" అన్నారు. నాయనమ్మ వచ్చి సరిగ్గా నా ఎదుటి బెంచీలో కూర్చుంది. మేడమ్ నా వైపు తిరిగి నవ్వుతూ, "మామ్మగారికి కూడా అర్థమయ్యేలా తెలుగులో చెప్పమ్మా" అన్నారు. నా మోకాళ్ళు వణికాయి. చెప్పాను. నాయనమ్మ ఒక్కోదానికీ తలూపుతూ, "మంచి పద్ధతే" అంటోంది. సంకెల వాక్యం ఎగ్గొట్టి కూర్చోబోతుంటే నా స్నేహితురాలు (మేం మైకు అని పిలిచేవాళ్ళం) లేచి, "మేడమ్, అసలైన మాట వదిలేసిందండీ!" అంది. నా పేపరు అందంగా తిరగరాసి పెట్టింది తనేలెండి. ఇక తప్పలేదు. నేల చూపులు చూస్తూ ఆ మాట కూడా తెలుగులో చెప్పేశాను.

తుమ్ములు కూడా ఆగిపోయాయి. నా కళ్ళ ముందు పొదిలి సంబంధం కదిలింది (అత్తయ్య ఎప్పటినుంచో చెబుతున్న సంబంధం, అబ్బాయికి కంది చేను ఎక్కువ, మాట తక్కువ). నాయనమ్మ నన్ను కాదు, మేడమ్‌ని చూసింది.

"పంతులమ్మగారూ, ఆ వెంట పోయే ఆవిడికి కూచోటానికి కుర్చీ అయినా ఏసేవాళ్ళా?"

మేడమ్ తడబడ్డారు. "వేసేవాళ్ళేనండీ."

"నీకు రావటం ఇష్టమేనా అని అడిగేవాళ్ళా?"

మేడమ్ నన్ను చూశారు. "పుస్తకంలో లేదు నాయనమ్మా" అన్నాను.

"రాసినోళ్ళకి తట్టలేదేమోలే" అంది.

బస్సులో ఇంటిదాకా నాయనమ్మ సంచి ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికే చూసింది. తిడితే బాగుండుననిపించింది. నాన్న వచ్చి, బకెట్ దగ్గర నిలబడి, "ఏమ్మా, ఇవాళేంటి సంగతులు?" అన్నాడు. నేను తలుపు వెనక్కి చేరాను.

"రేపట్నుంచి నేను పోను. దాన్ని ఒక్కదాన్నే పంపించు."

"ఏం, ఏం చేసింది?"

"నలుగుర్లో నన్ను ఎదురుగా కూచోబెట్టి, నా మీదే చెప్పింది రా. కాళ్ళు వణుకుతున్నా చెప్పింది. అది బస్సులో ఎవడికో భయపడుద్దా?"

మర్నాడు, నాన్న మనసు మార్చుకునేలోగా బస్సెక్కాలని సెంటర్‌కి పరుగెత్తాను. బస్సు కదిలాక చూస్తే నాయనమ్మ అక్కడ నిలబడి ఉంది. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని ఉంది. తాతయ్య పోయాక ఆవిడ ఊరు దాటింది నా వెంటే, ఆవిణ్ణి కూడా ఒక్కదాన్నే ఎక్కడికీ పంపేవాళ్ళు కాదు. రమ్మని చెయ్యి ఊపితే వచ్చేదేమో. నేను వెళ్ళొస్తానని ఊపాను.

ఆ పాఠం ఇప్పుడు నేనే చెబుతున్నాను. షాపెరోన్ దగ్గరికి వచ్చేసరికి పిల్లలు నవ్వుతారు. నేనూ నవ్వుతాను, గుంటూరు దాకా కిటికీ పక్కన కూర్చుని మహా గర్వంగా వెళ్ళిన ఆ పిల్లను తలుచుకుని.