మబ్బుల పోదాం

ఘట్‌కేసర్ దాటాక రోడ్డు పక్క రేకుల హోటల్ ఒకటి కనబడితే, వాన తగ్గేదాకా ఆగుదామని చాయ చెప్పాం. మా వెనక తార్నాక నుంచి ఒక్కడే తొక్కుకుంటూ అతను వచ్చింది అప్పుడే. ఒంటిమీద పొడి జాగా లేదు, మోకాళ్ల దాకా బురద. అతను సైకిల్‌కు స్టాండ్ వేయకముందే, మా యాత్రను నడిపిస్తున్న అన్న వానలోకి దిగి, అతని హ్యాండిల్‌కు కట్టి ఉన్న జెండా గుడ్డను విప్పబోయాడు. తడిసిన ముడి తొందరగా రాలేదు. వచ్చేదాకా లాగి, గుడ్డను పిండి జేబులో పెట్టుకుని అన్నాడు.

"వాపస్ పో."

అరవై తొమ్మిదిలో, ప్రత్యేక తెలంగాణ ఉద్యమం నాటి సంగతి ఇది. క్యాంపస్‌లో పాఠాలు ఆగిపోయాయి. హాస్టళ్లలో ఉన్నవాళ్లు ఊళ్లకు పోలేక, ఉండలేక, రోజంతా చెట్ల కింద మాట్లాడుకునేవాళ్లు. ఆ మాటల్లోంచే సైకిళ్ల మీద వరంగల్ దాకా పోవాలని, దారిలో ఊరూరా సభ పెట్టాలని ఆలోచన పుట్టింది. పుట్టించింది అన్నే. జనగామ వైపు నుంచి వచ్చి ఎం.ఏ. చదువుతుండేవాడు, మాలో పెద్ద. నాది లాలాగూడ, రైల్వే క్వార్టర్లు. మిగతావాళ్లలో ఎక్కువమంది అడిక్‌మెట్‌లో గదులు తీసుకున్నవాళ్లు.

అతనిది తార్నాక. తండ్రి గుంటూరు జిల్లా మనిషి, సర్కారు ఆఫీసులో గుమాస్తాగా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నాడు. ముల్కీలు, అంటే స్థానికులు, కాని ఉద్యోగులు వెనక్కి పోవాలని ఊరేగింపులు ఇంటి ముందు నుంచే సాగుతున్న రోజులు. తండ్రి ఆఫీసుకు భయంభయంగా పోయి వచ్చేవాడు. కొడుకు మాత్రం మా పక్కన కూర్చుని మా మాటలు విని, తన తరగతిలో ఎవరికి ఏది దొరికిందో ఎవరికి దొరకలేదో చూసి, మాతో వస్తానన్నాడు. అన్న సంతోషించాడు. దారిలో పెట్టబోయే భువనగిరి సభలో అతన్నే ముందు మాట్లాడమన్నాడు. "మా నాన్న గుంటూరు నుంచి వచ్చాడు, నేనిక్కడ పెరిగాను, తెలంగాణ కావాలని నేనూ అడుగుతున్నాను" అని అతను నిలబడి చెబితే, అది మేమందరం చెప్పేదానికన్నా ఎక్కువని అన్న లెక్క. ఆ నాలుగు మాటల కోసం అతను ఇంట్లో తండ్రితో మాటలు మానుకున్నాడు.

బయలుదేరే ముందు సాయంత్రం కాలేజీ మెట్ల మీద కూర్చున్నాం. ఎండలు ఇంకా పోలేదు, వాన ఒకటి రెండుసార్లు పడి ఊరుకుంది.

"ఎండల తొక్కుడు మనతోని కాదు. రేపు మబ్బుల పోదాం," అన్నాడు అన్న. అతనివైపు తిరిగి, "నువ్వు తార్నాక చౌరస్తల ఉండు. గాడ కలుపుకుంటం," అన్నాడు.

అతను సరేనన్నాడు.

మా ఇళ్లల్లో మబ్బుల అంటే చీకటి ఇంకా విడవని వేళ. పాలవాళ్లు, రైల్వేలో మొదటి డ్యూటీవాళ్లు ఇల్లు కదిలే వేళ. ఆకాశంలో మబ్బు ఉందా లేదా అన్నదానితో ఆ మాటకు సంబంధం లేదు. ఇది ఒకరికి విడమరిచి చెప్పాల్సిన సంగతని మాలో ఎవరికీ తోచలేదు.

మర్నాడు చీకట్లోనే చౌరస్తాకు చేరాం. అతను లేడు. దీపం వెలుతురులో తుంపర కనబడుతోంది. కాసేపు చూశాక ఒకతను, "ఇంటికి పోయి పిలుద్దామా అన్నా?" అన్నాడు. "వాళ్ల నాయిన తలుపు తీస్తడా? రావాల్ననుకున్నోడు వస్తడు," అని అన్న సైకిలెక్కాడు. హబ్సిగూడ దాటేసరికి తుంపర వానైంది. ఉప్పల్ దాటాక ముందువాడి వీపు తప్ప ఏమీ కనబడలేదు. గోనెసంచులు మడిచి నెత్తిన వేసుకున్నాం. అవి నీళ్లు తాగి బరువెక్కి మెడలు వంచాయి. బ్రేకులు పట్టడం మానేశాయి. పల్లం వస్తే కాళ్లు నేలకు రాసుకుంటూ దిగాం.

హోటల్ ముందు అన్న వాపస్ పొమ్మన్నప్పుడు అతనికి కారణం తెలియలేదు. కళ్లమీది నీళ్లు తుడుచుకుని అందరి మొహాలూ చూశాడు.

"మబ్బులో పోదామన్నావుగా అన్నా. లేచి చూస్తే వాన. తగ్గి మబ్బు మిగిలాక బయల్దేరుతారనుకున్నా. చౌరస్తాకొస్తే ఎవరూ లేరు."

మాకు అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అడిక్‌మెట్ వాడొకడు పగలబడి నవ్వాడు. "వారెవ్వా! మబ్బులెక్కి వచ్చినవా? మరి గా బురదేందిరా బై?"

అందరం నవ్వాం, అతను కూడా. అన్న నవ్వలేదు.

"చిన్నప్పటి సంది ఈడనే ఉంటివి. మబ్బులంటే తెల్వదా?"

"తెల్లారగట్ల అనొచ్చుగా!" అతని గొంతు పైకి లేచింది.

"నీకు సమజ్ కావాల్నంటే మేం మా మాట మార్చుకోవాల్నా? గీ లొల్లంత దేనికనుకున్నవ్?"

చాయ గ్లాసు అతనికి ఎవరో అందించారు. తాగాడో లేదో గుర్తులేదు.

మేం కదిలాక అతను వెనక్కి పోలేదు. కేక వేస్తే వినబడేంత దూరంలో వెనకే వచ్చాడు. వాన అడ్డంగా కొడుతోంది. బీబీనగర్ దగ్గర అతని చైన్ పడితే నేను ఆగబోయాను. పొమ్మని చేత్తో సైగ చేశాడు. మళ్లీ మా వెనక కనబడడానికి చాలాసేపు పట్టింది.

భువనగిరిలో మైదానం చెరువైపోయి, సభను ఒక బియ్యం మిల్లు షెడ్డులోకి మార్చారు. అతను స్తంభం పక్కన, జనం వెనక నిలబడ్డాడు. చొక్కా పిండుకుని మళ్లీ తొడుక్కున్నాడు, తల దువ్వుకున్నాడు. అన్న ఒక్కొక్కరినే పిలిచాడు. అతన్ని పిలవలేదు. ఆఖరున తానే మాట్లాడి సభ ముగించాడు. నేను బయటికొచ్చి చూసేసరికి అతని సైకిల్ లేదు.

వరంగల్ నుంచి తిరిగి వచ్చాక వాళ్లింటికి పోయాను. తల్లి మంచినీళ్లిచ్చి, "తెల్లారగట్లే లేచి కిటికీ దగ్గర కూర్చున్నాడయ్యా. వాన వెలిసి మబ్బుగా ఉంటే బయల్దేరతారమ్మా అన్నాడు. మీ వైపు మబ్బంటే ఇంకేదోనట కదా?" అంది. పడక్కుర్చీలో ఉన్న తండ్రి పేపరు దించాడు. "మబ్బూ లేదు, వానా లేదు. నేను తలుపు గడియ వేసి అడ్డం కూర్చున్నాను. నేను స్నానానికి లేచినప్పుడు వెళ్లిపోయాడు." అతను గుమ్మంలోనే ఉన్నాడు. తల్లి మాటను అవుననలేదు, తండ్రి మాటను కాదనలేదు.

రెండు మాటలూ విన్నది విన్నట్టు అన్నకు చెప్పాను. అన్న మాత్రం అతని తండ్రి మాటే పట్టుకుని, మబ్బు సంగతి అబద్ధమని తేల్చాడు.

ఆ తర్వాత నేను పేపర్లో చేరి, ఇరుపక్షాల మాటా రాయడమే పనిగా ఇన్నేళ్లు గడిపాను. రాష్ట్రం వచ్చింది. అన్నా, అతనూ ఇప్పుడు తార్నాకలోనే ఉంటారు, పెద్ద రోడ్డుకు ఇటొకరు, అటొకరు. రెండిళ్లకూ పోతుంటాను. ఆ ఉదయం గురించి అడిగితే అతను, "నాన్న పోయాడు కదా, ఇప్పుడెందుకులే," అంటాడు. అన్న, "తలుపు గడియ సంగతి నువ్వు చెప్పిందే కదనే," అంటాడు. ఒకరితో ఒకరు ఇవాళ్టికీ మాట్లాడుకోలేదు.